రసీదు మీద పద్నాలుగు రోజులు

మౌస్ కదిపితే చాలు
చెవిలో జోరీగ దూరేది.
ఫైలు తెరిస్తే ఒక రొద, మూస్తే ఇంకో రకం.
కంప్యూటర్ పుట్టుకతో తెచ్చుకున్న గొంతు, ఏం చేస్తాంలే అని
మూడు చలికాలాలు ఓర్చుకున్నాను.
స్పీకర్లు పెడదామంటే గోడ అవతల
ద్జింతర్స్ వాళ్ళ బిడ్డకి పళ్ళొస్తున్నాయి.
పైగా హెడ్‌ఫోన్స్ గుచ్చే రంధ్రం వదులై
కుడీ ఎడమా కలిసి జావైపోయాయి.

రీగా స్టేషన్ వెనక సందులో
బూట్ల మంచు దులుపుకుని లోపలికెళ్తే
రేనార్స్ అనే కుర్రాడు బల్ల మీద మూడు సౌండ్ కార్డులు పెట్టాడు.
తొమ్మిది యూరోలది బొటనవేలంత.
నూట ఎనభైది నల్లటి ఇనప పెట్టె,
ముందున్న గుండ్రని మీట నూనె పూసినట్టు తిరిగింది.
కొననని తెలిసీ రెండుసార్లు తిప్పాను.
ఈ నెల ఇంటిని వెచ్చబెట్టిన బిల్లే తొంభై ఆరు.

"మీ హెడ్‌ఫోన్స్ ఇలా ఇవ్వండి."
రేడియో కేంద్రం పాత సామాను వేలంలో కొన్నవి,
చెవి దిండ్లు నేనే ముఖమల్ గుడ్డతో కుట్టాను.
వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదివి ఈల వేశాడు:
రెండొందల యాభై ఓములు.
"బరువు తలుపండీ ఇది. ఈ బుల్లిది తోస్తే కదలదు.
ఆ పెద్దదా, దాని మీద రాసిన అంకెల్లో సగం గబ్బిలాల కోసం.
పన్నెండు వేలు దాటితే మీకు…"
నాలిక కరుచుకున్నాడు.
నేను నవ్వాక తనూ నవ్వాడు.

మధ్యది, ముప్పై నాలుగు, తగిలించాడు.
"పాట వద్దు. ముందు ఏమీ వినకండి.
శబ్దం చివరికంటా పెంచి, మౌస్ కదపండి."
కదిపాను.
మొదటి ట్రామ్ రాకముందు
పట్టాల మీద మంచు ఎలా ఉంటుందో, అలా.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

ఇంటికొచ్చి టేపులోంచి ఎక్కించుకున్న పాత ఫైలు తెరిచాను.
ఎనభై నాలుగు, మా అల్లికల మిల్లు బృందగానం, పోటీ రోజు.
మూడో చరణానికి ముందు
అందరం ఊపిరి బిగబట్టే చోట
ఒక దగ్గు.
బహుమతి దాంతోనే పోయింది.
ఎవరని అడిగాడు ఆర్విద్స్, చేతిలో పుల్ల ఇంకా దించకుండా.
అందరూ వెల్తా వైపు చూశారు, వారంగా జలుబు ఆమెకి.
నేనూ చూశాను.
అందరికంటే కాస్త ముందే చూశాను.
ఆ శరదృతువు నుంచి ఆమె రాలేదు.

ఇప్పుడు వేదిక నా తల చుట్టూ విప్పుకుంది.
వెనక మగ గొంతులు, ఎవరిదో కుర్చీ కిర్రు,
కుడి చివర, తలుపు గాలి తగలని మూల, వెల్తా.
దగ్గు ఎడమ నుంచి వచ్చింది.
దాని వెంటే, చాలా చిన్నగా, టిక్కు టిక్కుమని
రెండు అంబర్ పూసలు ఒకదాన్నొకటి తాకాయి.
మా అమ్మ దండ.
వంటింటి సొరుగులో రబ్బరు బ్యాండ్ల కింద ఉంది.

నాలుగుసార్లు విన్నాను.
ఐదోసారి మౌస్‌ని గిరగిరా తిప్పాను,
జోరీగ వస్తుందేమోనని.
రాలేదు. మంచి సరుకు.

పెట్టె నలగకుండా తెస్తే
పద్నాలుగు రోజుల్లో డబ్బు వాపసు, రసీదు మీద ఉంది.
ఇవాళ తొమ్మిదో రోజు.
పెట్టె నలగలేదు, బీరువా మీదే ఉంది.
వెల్తా నంబరు నా దగ్గరున్నది ఆరంకెలది,
ఇప్పుడు ఎనిమిది కావాలి.
ముందు ఏ రెండు చేర్చాలో
రేనార్స్‌కి తెలిసుంటుంది.
ఎలాగూ అటే వెళ్ళాలి.